కొక్కెం లేని తలుపు

సరస్సు ఒడ్డున దిగిన మర్నాడు పొద్దున్నే పిడుగు తన జడ తనే వేసుకుంది.

పద్నాలుగేళ్ళ పిల్ల తన జడ తను వేసుకోవడం కూడా ఒక విశేషమేనా అని మీరనవచ్చు. ఈ ఇంట్లో విశేషమే. ఆ పిల్లకి జుట్టు రెండు పాయలు కలిసేంత పెరిగిన నాటినుంచీ జడ వేసే హక్కు అత్తది. రోజూ ఏడింటికి వంటింటి గుమ్మం దగ్గర పీట మీద పిడుగు, వెనక కుర్చీలో అత్త, అత్త పళ్ళ మధ్య రబ్బరు బ్యాండు. ఆ పావుగంటకి ఒక చట్టం ఉంది. పక్కింటి వాళ్ళ పూలకుండీ ఎవరు పగలగొట్టారన్న విచారణలో, పిల్లకి ఆరేళ్ళప్పుడు, అత్త చేసిన చట్టం అది. జడ వేసేటప్పుడు అబద్ధం ఆడకూడదు. చెప్పడం ఇష్టం లేకపోతే నోరు మూసుకుని కూర్చోవచ్చు, దానికి శిక్ష లేదు. అబద్ధం మాత్రం కూడదు. పసిదాన్ని మరీ మూలకి నొక్కెయ్యకూడదని ఆ రెండో వెసులుబాటు కూడా అత్తే పెట్టింది.

చట్టం ఇద్దరికీ ఒకటే. ఎనిమిదేళ్ళప్పుడు పిల్ల "నువ్వు పెళ్ళెందుకు చేసుకోలేదత్తా" అని అడిగితే, జడ మొదలు నుంచి చివరిదాకా అత్త నోరు మూసుకునే అల్లింది. పిల్లకి అర్థమయ్యింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

అత్తకి ఒక పేరు లేకపోలేదు. వాడకం లేక అది తుప్పు పట్టింది, అంతే. పాలు వేసే అతను మొదలుకుని మేడ మీద అద్దెకున్నవాళ్ళ వరకూ అందరికీ ఆమె అత్తే. ముప్ఫై ఏళ్ళు ఒక బడి వంటశాలలో రోజుకి రెండు వందల మంది పిల్లలకి వండి పెట్టింది. రెండేళ్ళ కిందట ఆ వంట ఏదో కంపెనీకి అప్పగించి, ఆమెకి ఒక గోడ గడియారం ఇచ్చి పంపేశారు. అమ్మా నాన్నా పోయేనాటికి ఆమెకి ఇరవై, తమ్ముడికి ఎనిమిది. వాణ్ణి పెంచింది, చదివించింది, లిఫ్టులు బాగుచేసే పని నేర్పించింది, పెళ్ళి చేసింది. వాడికి పిల్ల పుడితే ఆ పిల్లనీ పెంచింది. మరదలు పళ్ళ డాక్టరు దగ్గర వచ్చేవాళ్ళకి వేళలు రాసిచ్చే ఉద్యోగానికి పొద్దున ఎనిమిదికే వెళ్ళిపోయేది మరి. ఈ లోకంలో తనకంటూ ఏముంది అని ఎవరైనా అడిగితే అత్త తడుముకునేది కాదు. ఇల్లు తమ్ముడిది, వంటిల్లు మరదలిది, పిడుగు మాత్రం తనది. ఆ ఒక్కటి ఉంటే చాలనుకుంది. అందుకే ఆ పొద్దున్న మెట్ల మీంచి జడ వేసేసుకుని దిగివస్తున్న పిల్లని చూసి ఆమెకి ఏదో వెలితిగా అనిపించింది.

"రా, పాపిడి వంకరగా ఉంది, సరిచేస్తాను" అంది.

"ఫర్లేదత్తా. పెద్దదాన్నయ్యాగా" అని పిడుగు ఆమె వైపు చూడకుండానే రొట్టె ముక్క అందుకుని పడవల దగ్గరికి పరుగెత్తింది.

నిజమే కదా, పెద్దదయ్యింది, అని అత్త సర్దుకుంది. సర్దుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

అసలు ఈ ప్రయాణమే ఆమెకి ఒక కల. రెండు నెలల కిందట తమ్ముడు భోజనాల దగ్గర ఉన్నట్టుండి, మనం నలుగురం విదేశం వెళ్తున్నాం, మరదలి పిన్నిగారికి సరస్సు ఒడ్డున బస ఇల్లు ఉంది, రాత్రికి పడక, పొద్దున్నే టిఫిను, అక్కడ ఆరు రోజులు ఉండి వద్దాం అన్నాడు. అన్నాక అక్కవైపు తిరిగి, ఆ ఆరు రోజులూ నువ్వు చేతులు కడుక్కోవడానికి తప్ప నీళ్ళు ముట్టుకోవడానికి వీల్లేదు, కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి అన్నాడు. అత్తకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వారమంతా కనిపించినవాళ్ళకల్లా చెప్పుకుంది, మా తమ్ముడు నన్ను విదేశం తీసుకెళ్తున్నాడని. చెప్పినచోటే మళ్ళీ చెప్పింది కూడా.

తర్వాత కాగితాలు వచ్చాయి. తమ్ముడు వాటిని బల్లమీద పెట్టి, పెన్సిలుతో గుర్తులు పెట్టినచోట సంతకం చెయ్యక్కా అన్నాడు. కాగితం మీద తన అరచెయ్యి పరిచి, సంతకం చేసేంత జాగా మాత్రం వదిలాడు. అత్తకి నవ్వొచ్చింది. వీడు ఆరో క్లాసులో లెక్కల్లో తప్పినప్పుడు మార్కుల మీద చెయ్యి అడ్డం పెట్టి, అచ్చం ఇలాగే తనచేత ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టించుకునేవాడు. తనకి తెలిసే పెట్టేది. పిల్లవాడు సిగ్గుపడుతున్నాడు, పోనీలే అనుకునేది. నలభై నాలుగేళ్ళు వచ్చినా వీడికి ఈ అలవాటు పోలేదని మురిసిపోతూ గుర్తు పెట్టినచోటల్లా సంతకం చేసింది. అద్దాలు పెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

పెట్టె మరదలే సర్దింది. ఎప్పుడూ లేనిది, నువ్వు కూర్చో వదినా అని ముద్దుగా కసిరి, అత్త స్వెటర్లు మూడూ, మందుల డబ్బాలు ఐదూ, చివరికి అమ్మా నాన్నల ఫోటో కూడా గోడ మీంచి తీసి బట్టల మధ్య పెట్టింది. ఆరు రోజులకి ఇవన్నీ ఎందుకమ్మాయ్ అంటే, అక్కడ చలి, పైగా కొత్తచోట నువ్వు ఇంటి మీద బెంగ పెట్టుకుంటావని, అంది. మరదలికి తనమీద ఇంత ప్రేమ ఉందని పదహారేళ్ళుగా తెలుసుకోలేకపోయానే అని అత్త తనని తనే తిట్టుకుంది.

బస ఇల్లు చక్కటి ఇల్లు. కింద వంటిల్లు, టిఫిన్ల గది, పైన ఆరు గదులు, అన్నింటికీ సరస్సువైపు కిటికీలు. పిన్నిగారికి డెబ్భై దాటాయి. మోకాలు పట్టేసి మెట్లెక్కలేదు కానీ నోరు మాత్రం మేడంతా వినిపిస్తుంది. ఆవిడకి ఒక పద్ధతి ఉంది. ప్రతి గది తలుపుకీ బయట ఒక చిన్న ఇత్తడి కొక్కెం, దానికి చీటీ. మర్నాడు పొద్దున ఎవరికి గుడ్డు ఎలా కావాలి, ఉడకబెట్టిందా, అట్టా, పచ్చసొన గట్టిగానా మెత్తగానా, ఎన్నింటికి కావాలి, ఆ చీటీ మీద రాసి సాయంత్రం తగిలించాలి. పొద్దున్నే ఎవరిచేతో ఒకరిచేత ఆ చీటీలు కిందికి తెప్పించుకుని, వంటింట్లో వరసగా పేర్చుకుని పని మొదలుపెడుతుంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క గుడ్డు కూడా పొరపాటు పోలేదని ఆవిడ గొప్ప. గుడ్డు చీటీల సంగతి విని అత్తకి భలే ముచ్చటేసింది. జీవితంలో నీకు గుడ్డు ఎలా కావాలని ఆమెని అడిగినవాళ్ళు లేరు.

అయితే అత్త గది మేడమీద కాదు. నీకు మెట్లు కష్టం వదినా అని మరదలు ముందే చెప్పి, వంటింటి వెనక చిన్న గది ఇప్పించింది. అత్త మోకాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి, ఇంట్లో మేడమీదికి రోజుకి పదిసార్లు ఎక్కి బట్టలారేసి దిగుతుంది. అయినా అంత ఆప్యాయంగా అంటుంటే కాదనడం ఎలా. ఆ గదిలో మంచం, బట్టల బీరువా, పెరటివైపు కిటికీ ఉన్నాయి. తలుపుకి మాత్రం కొక్కెం లేదు. సాయంత్రం చీటీ ఎక్కడ తగిలించాలో తెలీక అత్త తలుపు అటూ ఇటూ తడిమి చూసింది. నీ గుడ్డు మా చీటీలోనే రాసేశాంలే అంది మరదలు. ఎలా రాశావమ్మాయ్ అంటే, మామూలుగానే అంది.

మొదటి రెండు రోజులూ అత్త నిజంగానే కాలు మీద కాలేసుకుని కూర్చుంది. సరస్సు ముందు బల్లమీద కూర్చుని పడవలు చూసింది. నీళ్ళు అంత నిశ్చలంగా ఉండటం, వాటిని ఎవరూ బిందెల్లో పట్టుకోకపోవడం ఆమెకి వింతగా ఉంది. తమ్ముడు ఫోటోలు తీశాడు. అన్నీ బాగున్నాయి, ఒక్క పిడుగు తప్ప. ఆ పిల్ల ఆమె పక్కన కూర్చోదు, కూర్చున్నా చేతిలో ఫోను వదలదు. రెండో రోజు పొద్దున కూడా మేడమీదే జడ వేసుకుని దిగింది, మూడో రోజూ అంతే. ఆ జడ చూస్తే అత్తకి చేతులు దురదపెట్టేవి. నేనేమైనా అన్నానా దాన్ని అని తమ్ముణ్ణి అడిగింది. ఆ వయసు అలాంటిదక్కా, పట్టించుకోకు అని వాడు పడవల మనిషితో మాట్లాడటానికి లేచి వెళ్ళాడు.

మూడో రోజు పొద్దున పిన్నిగారి మోకాలు మొరాయించింది. టిఫిన్ల గదిలో పదకొండు మంది కూర్చుని ఉన్నారు, ఆవిడ పొయ్యి దగ్గర కుర్చీలోంచి లేవలేక వచ్చినవాళ్ళనీ మోకాలినీ కలిపి తిడుతోంది. పక్క గదిలో అత్త ఎంతసేపని వింటుంది? లోపలికెళ్ళి, జరగండి పిన్నిగారూ అని చీటీలు అందుకుంది. ఇక చూడాలి. ఒక చేత్తో రెండేసి గుడ్లు పగలగొడుతూ, ఇటు ఉడుకుతున్నవి చెవితో చూసుకుంటూ, అటు రొట్టె మాడకుండా వాసన పట్టుకుంటూ, అరగంటలో పదకొండు పళ్ళాలు బల్లమీద పెట్టింది. రెండు వందల మందికి వండిన చెయ్యికి పదకొండు మంది ఒక లెక్కా. పిన్నిగారు నోరు తెరుచుకుని చూసింది. గుమ్మంలో నిలబడి తమ్ముడూ మరదలూ కూడా చూశారు. అక్క చేతులు మళ్ళీ తడిశాయని తమ్ముడు కోప్పడతాడేమో అనుకుంది అత్త. వాడి మొహంలో కోపం లేదు. పెద్ద బరువు దిగినవాడిలా ఊపిరి వదిలాడు.

"చెప్పానా పిన్నీ" అంది మరదలు. ఏం చెప్పిందో అత్తకి అర్థం కాలేదు. తన వంట గురించి గొప్పగా చెప్పి ఉంటుందనుకుని సిగ్గుపడింది.

ఆ మర్నాడు కూడా వంట అత్తే చేసింది. ఎవరూ వద్దనలేదు. ఐదో రోజు పొద్దున గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటుంటే పిన్నిగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇక దాచలేనట్టు మొదలుపెట్టింది.

"నీకు సిగ్గని, నీ అంతట నువ్వు ఎత్తేదాకా మాట కదపొద్దని మా అమ్మాయి చెప్పింది కాబట్టి ఊరుకున్నానమ్మా. కానీ చలికాలం వచ్చేస్తోంది. నీ గదిలో హీటరు పాతది, మార్పిస్తాను. కిటికీకి దళసరి తెర కుట్టిద్దాం. ఇంకేం కావాలో చెప్పు."

"నా గదికా" అంది అత్త. "మేం ఎల్లుండి వెళ్ళిపోతున్నాం కదండీ."

"వాళ్ళు వెళ్తారు. నువ్వు ఉంటావుగా."

పిన్నిగారు చెడ్డమనిషి కాదు. ఆవిడ మొహంలో రంగు మారడం అత్త చూసింది. ఆవిడ మెల్లగా లేచి, సొరుగులోంచి కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఈసారి అత్త అద్దాలు పెట్టుకుంది. రెండేళ్ళ పాటు బస ఇంట్లో వంట పనికి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. కింద తన సంతకం. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. మురిసిపోతూ పెట్టిన సంతకం మరి. పక్కన చెరిపేసిన పెన్సిలు గుర్తు ఇంకా లీలగా కనిపిస్తోంది.

"నువ్వే వస్తానన్నావని చెప్పారమ్మా నాకు. ఇంట్లో ఊసుపోవడం లేదని, ఏదైనా వంట పని చూపించమన్నావని" అంది పిన్నిగారు. "నీ గది పనిమనిషి గది అని నీకు తెలుసనుకున్నాను."

కొక్కెం ఎందుకు లేదో అప్పుడు తెలిసింది అత్తకి. కొక్కేలు వచ్చిపోయేవాళ్ళ గదులకే ఉంటాయి. స్వెటర్లు మూడూ, మందుల డబ్బాలు ఐదూ, గోడమీది ఫోటో, అన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగాయి. అమ్మా నాన్నల ఫోటో కూడా సర్దేశారు. ఆ ఇంట్లో తనవి అన్నవి ఇక ఒక్కటీ మిగల్లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. చదువుకున్నవాళ్ళు, మంచివాళ్ళు, తన చేతి అన్నం తిని పెరిగినవాడు, తనని పెట్టె సర్దినట్టు సర్దేశారు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట తనని అడిగి ఉంటే?

తమ్ముడూ మరదలూ సరస్సు ముందు బల్లమీద కూర్చుని ఉన్నారు. అత్త ఆ కాగితం తీసుకెళ్ళి వాళ్ళ మధ్య పెట్టింది. తమ్ముడు తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు. మరదలు మాత్రం రేపు మేమే చెబుదామనుకున్నాం వదినా అంది. కారెక్కాకనా అని అడిగింది అత్త. అప్పుడు మరదలు లెక్కలన్నీ విప్పింది. ఇల్లు చిన్నదట, పిల్ల ఎదుగుతోందట, వదిన రోజంతా ఒంటరిగా కూర్చుని గోడ గడియారం చూస్తోందట, ఇక్కడైతే చేతినిండా పని, కంటినిండా సరస్సు. ప్రతి సెలవులకీ వస్తారట. అన్నీ నిజంలాగే ఉన్నాయి. కానీ ఆ నిజాలన్నీ తన వెనకాల మాట్లాడుకున్నవి.

"నన్ను ఎందుకు అడగలేదురా" అంది తమ్ముడితో.

"అడిగితే వద్దంటావక్కా" అన్నాడు వాడు.

అంత నిజాయితీగా వాడు ఈ మధ్య ఎప్పుడూ మాట్లాడలేదు. అత్త ఏడవలేదు. ఏడుపు వాళ్ళ ఎదురుగా రాకూడదని పట్టుబట్టి నిలబడింది. నాకూ టిక్కెట్టు కొను, నేను ఇంటికొస్తున్నాను అంది. వాడు తల ఊపాడు. మరదలు ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు కూడా. ఆ మాత్రం సిగ్గు మిగిలింది.

నాలుగడుగులు వేశాక అత్త మళ్ళీ వెనక్కి తిరిగింది. అసలు భయం అప్పుడు పుట్టింది ఆమెకి.

"పిడుక్కి తెలుసా ఇదంతా?"

"ఛ, దానికేం తెలీదక్కా. చిన్నపిల్ల" అన్నాడు తమ్ముడు. అంటూనే బల్లమీది కాగితం మీద అరచెయ్యి పరిచాడు.

అత్త ఆ చేతిని చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది. చిన్నప్పుడు మార్కుల మీద పరిచిన చేతిని చూసి ఊరుకున్నట్టే. తమ్ముడు మోసం చేశాడు, సరే. వాడు పెళ్ళాం చెప్పినట్టు వినే రకం, ఆమె పరాయింటినుంచి వచ్చింది, ఎలాగో ఒకలాగ మింగుకోవచ్చు. పిల్లకి తెలీదు. పిల్లకి తెలియకపోతే ఇంటికి వెళ్ళొచ్చు. ఆ గుమ్మం దగ్గర పీట వేసుకోవచ్చు. పిల్లని పిలిచి అడిగితే తేలిపోతుంది, కానీ ఆ రోజంతా అత్త పిల్లని పిలవలేదు. ఐదు రోజులుగా ఆ పిల్ల తన చేతికి జడ ఎందుకివ్వడం లేదన్న ప్రశ్న బుర్రలోకి వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక గిన్నె తోమింది. సాయంత్రానికి పిన్నిగారి వంటింట్లో తోమని గిన్నె లేదు.

టిక్కెట్టు దొరికిందని తమ్ముడు చెప్పాడు. ప్రయాణం ఎల్లుండి కాస్తా మర్నాటికి మారింది. అందరికీ తొందరగా బయటపడాలనే ఉంది.

మర్నాడు ఇంకా ఎవరూ టిఫినుకి దిగకముందే కొక్కెం లేని తలుపు మీద చిన్నగా చప్పుడయ్యింది. పిడుగు, జుట్టు విరబోసుకుని, చేతిలో దువ్వెన. అత్తా జడ వెయ్యవా అంది. అత్త గుండె ఒక్కసారిగా తేలికపడింది. చూశావా, నా పిల్ల నా దగ్గరికే వచ్చింది అనుకుంది. ముక్కాలిపీట లాగింది, మంచం అంచున కూర్చుంది, రబ్బరు బ్యాండు పళ్ళ మధ్య పెట్టుకుంది. ఐదు రోజులుగా సొంతంగా వేసుకున్న జుట్టు చిక్కులు పడి ఉంది. నొప్పి పుట్టకుండా చివర్లనుంచి మొదలుపెట్టి నెమ్మదిగా విడదీసింది. అడగకూడదు, ఏమీ అడగకూడదు అనుకుంది.

అడగకుండానే పిల్ల చెప్పింది.

"నువ్వు వచ్చేస్తున్నావటగా అత్తా."

"ఊఁ."

"మంచిదేలే." చిన్నగా నిట్టూర్చింది పిడుగు. "నేను హాల్లోనే సర్దుకుంటాలే."

దువ్వెన ఆగిపోయింది. అత్త రబ్బరు బ్యాండు నోట్లోంచి తీసి చేతికి తొడుక్కుంది. "హాల్లో కాకపోతే ఇంకెక్కడే" అని అడిగింది. గొంతు మామూలుగానే వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

పిడుగు వెనక్కి తిరగలేదు. పీట మీద కూర్చుంది కాబట్టి అబద్ధం ఆడనూ లేదు. ఆ పిల్ల చట్టం మీరలేదు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. అత్త గది తనకిస్తానని అమ్మ పరీక్షలప్పుడు చెప్పిందట. అత్తకి చెప్పకుండా ఉంటేనే అందట. గోడలకి లేత నీలం రంగు కూడా ఎంచుకున్నారట, బల్ల కిటికీ పక్కన వేసుకోవాలనుకుందట. పరీక్షలంటే మూడు నెలల కిందట. కాగితాల కంటే ముందు, ప్రయాణం మాట కంటే ముందు.

"మూడు నెలలు రోజూ నా దగ్గరే జడ వేయించుకున్నావు కదే" అంది అత్త.

"నువ్వు అడగలేదుగా." పిల్ల గొంతు బాగా చిన్నదైపోయింది. "ఇక్కడికొచ్చాక అడుగుతావేమోనని భయమేసింది. అందుకే నేనే వేసుకున్నా."

అత్తకి అప్పుడు తెలిసింది, తమ్ముడు చేసిన దానికి తనకి కలిగింది కోపం మాత్రమేనని. ఇది కోపం కాదు. మూడు నెలలు, తొంభై పొద్దులు, ఈ తల తన మోకాళ్ళకి ఆని ఉంది. తను స్కూలు కబుర్లు అడిగింది, మాస్టార్లని వెక్కిరించింది, విదేశంలో సరస్సు ఎలా ఉంటుందో ఇద్దరూ కలిసి ఊహించుకుని నవ్వుకున్నారు. నవ్వుతున్న పిల్ల లోపల గోడలకి రంగు వేసుకుంటోంది. తన గది గోడలకి. తనది అనుకున్న ఒక్కటీ తనది కాదు. తనని మోసం చెయ్యడానికి ఇంట్లో అందరికంటే తక్కువ ధర అడిగింది ఈ పిల్లే, పదడుగుల గది.

అయినా మనిషి ఆశ ఎక్కడ పోతుంది. జుట్టు మూడు పాయలు తీసి, అల్లడం మొదలుపెట్టి, అత్త ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇప్పుడు చెప్పు. నేను ఇంటికి రావాలని ఉందా నీకు?"

పిడుగు నోరు మూసుకుంది.

చట్టం ప్రకారం అది తప్పు కాదు. అత్త అల్లుతూ పోయింది. కుడిపాయ మీదికి, ఎడమపాయ మీదికి. మెడ దగ్గర ఒక మాట వస్తుందేమోనని చూసింది. భుజాల దగ్గర చూసింది. పిల్ల భుజాలు కొద్దిగా వణుకుతున్నాయి, ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది, కానీ మాట మాత్రం రాలేదు. నడుము దాకా జడ వచ్చేసింది. అత్త చేతికున్న రబ్బరు బ్యాండు తీసి మూడు చుట్లు చుట్టింది. రోజూ అయితే పిల్ల గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని పాపిడి సరిచూసేది. ఆ రోజు తిప్పుకోలేదు.

"ఆ గది కిటికీ వానలకి ఉబ్బిపోతుంది" అంది. "గుంజితే రాదు. కింద కుడిమూల కాలితో ఒక్క తన్ను తంతే తెరుచుకుంటుంది. గుర్తుపెట్టుకో. జడ అయిపోయింది, లే."

పిడుగు లేచింది, నిలబడింది, ఏదో అనబోయింది. పీట మీంచి లేచాక అన్న మాటలకి ఆ ఇంట్లో హామీ లేదు. అత్త అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిన్నిగారు కుర్చీలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది. ఆ కాగితం తర్వాత తమ్ముడి దగ్గర్నుంచి తీసుకుని ఒకసారి ఇవ్వండి పిన్నిగారూ, మొదటినుంచీ చివరిదాకా చదవాలి, నచ్చనివి కొట్టేసి మళ్ళీ రాసుకుందాం, నా తలుపుకి ఒక కొక్కెం కూడా కొట్టించాలి అంది అత్త. సరేనమ్మా అంది పిన్నిగారు.

అత్త చీటీలు వరసగా పేర్చుకుంది. మేడమీద తమ్ముడి గది చీటీలో మరదలి చేతిరాతతో ఎప్పటిలాగే నాలుగు గుడ్లు రాసి ఉన్నాయి, నాలుగోదాని పక్కన మామూలుగా అని ఉంది. అత్త పెనం పొయ్యి మీద పెట్టి, నూనె వేసి, మూడు గుడ్లు పగలగొట్టింది.